నాకు, ఇతర ప్రజలకు చిరాకు కలిగినది

ఒక ముక్క ముందే చెప్పేస్తాను, తర్వాత దాచిందని నన్ను ఆడిపోసుకోకుండా. మా అమ్మ మీద కేసు పెట్టింది నేనే. ఖాళీగా ఉన్న చోట పేరు వేరేవాళ్ళు రాశారని, నాకు తెలియకుండా జరిగిపోయిందని ఏడాదిగా కనపడ్డవాళ్ళందరికీ చెబుతూ వచ్చాను. అదంతా నిజమే. అయినా కాయితం కింద సంతకం నాది.

నా పేరు యామిని. ఉద్దానంలో నడిమిపుట్టుగ అనే ఊరి సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శిని. అంత పొడుగు పేరు మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు. 'పోలీసు గుంట' అంటారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల, ముప్పై రెండేళ్ళొచ్చినా వాళ్ళకి నేను గుంటనే. మా ఆయన ఢిల్లీబాబు చెన్నై పోర్టులో పని చేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఇంట్లో ఉండేది నేనూ, అమ్మా.

అమ్మ పేరు బొడ్డమ్మ. పలాస జీడి ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా పిక్కలు కొడుతోంది. జీడి రసం తగిలి తగిలి ఆమె వేళ్ళ చివర్లు నల్లబడిపోయాయి, వేలిముద్ర మిషను ఆమె వేళ్ళని ఎప్పుడూ ఒక్కసారికి ఒప్పుకోదు. నేను పదో తరగతిలో ఉండగా నాన్న కిడ్నీ జబ్బుతో పోయాడు. ఆ తర్వాత నన్ను డిగ్రీ దాకా లాక్కొచ్చింది ఆ వేళ్ళే. నాకు ఉద్యోగం వచ్చిన రోజున అమ్మ ఫ్యాక్టరీలో అందరికీ పకోడీ పంచింది. మొదటిసారి యూనిఫాం వేసుకుంటే నా చుట్టూ తిరిగి చూసి, 'ఇంక నిన్నెవుడూ ఏటీ అన్లేడు' అంది.

ఆ మాట ఎందుకందో నాకు తెలుసు. దానికి అమ్మ ఇంకో పని గురించి చెప్పాలి.

మా ఊళ్ళో అసిరితల్లి సంబరం తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ అమ్మోరు పుట్టింట్లో ఉన్నట్టు లెక్క. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆమెని అత్తారింటికి సాగనంపాలి. ఏ ఆడపిల్లయినా పుట్టిల్లు వదిలి ఊరికే కదులుతుందా? అలుగుతుంది. ఏడుపు ముఖంతో పంపితే ఆ ఏడు ఊరికి మంచిది కాదు, నవ్వించి పంపాలి. ఆ నవ్వించే పాట మా ఇంటి ఆడవాళ్ళది. అమ్మమ్మ పాడేది, ఆమె తర్వాత అమ్మ. మీరు అడిగినా మాటలు చెప్పను గానీ, ఆ పాటలో అమ్మోరి మొగుడి చేతకానితనం దగ్గర్నుంచి మొదలుపెట్టి ఊళ్ళో పెద్దమనుషుల రాత్రి బాగోతాల దాకా అన్నీ వస్తాయి. పచ్చిగా వస్తాయి. ముసలమ్మలు కొంగు నోట్లో కుక్కుకుని పడిపడి నవ్వుతారు. అందరూ నవ్వాక, అమ్మోరు కూడా నవ్విందని చెప్పి పసుపునీళ్ళూ వేపాకులూ నింపిన ముర్రాటల కుండలు లేపి ఆమెని సాగనంపుతారు.

దానికి నియమం ఉంది. ముఖమంతా పసుపు పూసుకుని, కుండల ముందు నిలబడి, ఆ గంటసేపే పాడాలి. ముఖం కడుక్కున్నాక అందులో ఒక్క మాట కూడా నోట రాకూడదు. మామూలు రోజుల్లో అమ్మ నోట చిన్న తిట్టు కూడా రాదు. కోడి వంటింట్లోకి వస్తే 'ఎల్లమ్మా, ఎల్లు' అనే మనిషి.

నియమాలు పెద్దవాళ్ళకి తెలుస్తాయి. బడిలో పిల్లలకి తెలుస్తాయా? ఏడో తరగతిలో నేను బోర్డు దగ్గరికి లేస్తే వెనక బెంచీ నుంచి మా అమ్మ పాటలో ముక్క సన్నగా వినిపించేది. మాస్టారు కూడా అటు తిరిగి నవ్వుకోవడం ఒకసారి చూశాను. సంబరం ఆఖరి రోజున నేను ఎప్పుడూ ఊళ్ళో ఉండేదాన్ని కాదు, బారువలో పిన్ని వాళ్ళింటికి పోయేదాన్ని. కడుపునొప్పి అనో, పరీక్ష అనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. అమ్మ ఏనాడూ ఎందుకని అడగలేదు. బస్సు ఛార్జీ ఇచ్చి పంపేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మా ఊరికి పోలీస్ స్టేషను పద్నాలుగు కిలోమీటర్లు. హెడ్ కానిస్టేబులు ఈశ్వరరావు గారు కొత్తగా బదిలీ మీద వచ్చారు. సంబరాలు మొదలయ్యే ముందు నన్ను పిలిచి, 'అమ్మా, నీకు సర్వేలు, పింఛన్లు, సవాలక్ష పనులుంటాయి. ప్రతిసారీ ఏం తిరుగుతావు? ఫిర్యాదు ఫార్మాట్ ప్రింటు తీశాను, రెండు కాయితాల మీద సంతకం పెట్టి ఉంచు. అవసరమైతే పేరూ తేదీ మేం వేసుకుంటాం' అన్నారు. మా ఉద్యోగాల్లో ఇది మామూలే. అందరం అలాగే పెడతాం. ఫార్మాట్ కూడా నాకు కంఠతా వచ్చు. 'బహిరంగ ప్రదేశమున అసభ్యకరమైన పాటలు పాడుటయు, చేష్టలు చేయుటయు వలన నాకు, ఇతర ప్రజలకు చిరాకు కలిగినది.' దాని కింద నా పేరు, హోదా. సంతకాలు పెట్టి టీ తాగి వచ్చేశాను.

ఎనిమిదో రోజు సాయంత్రం మాజీ సర్పంచి జగన్నాథరావు గారి అబ్బాయి దుర్గాప్రసాద్ కొబ్బరితోటలో స్టేజీ కట్టించి రికార్డింగ్ డ్యాన్సు పెట్టించాడు. బయటి నుంచి నలుగురు అమ్మాయిలు. వాళ్ళ మీద నాకేం కోపం లేదు, కడుపు కోసం వచ్చారు. వాళ్ళ చేత అదంతా చేయించి ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడి మీద నాకు ఒళ్ళు మండింది. చిన్న పిల్లలు స్టేజీ ఎక్కి ఫోనుల్లో తీస్తున్నారు. నేనే స్టేషనుకి ఫోన్ చేశాను. జీపు వచ్చింది. అరగంట ఆపించి వెళ్ళింది. జీపు దుమ్ము ఇంకా అణగకుండానే పాట మళ్ళీ మొదలైంది.

ఆ వీడియో ఫోన్లన్నీ తిరిగి తిరిగి శ్రీకాకుళం దాకా పోయింది. పై ఆఫీసర్లు 'నడిమిపుట్టుగ సంబరం మీద కేసు కట్టారా, లేదా?' అని అడిగారట. కేసు కట్టారని నాకు తెలిసింది. నా కాయితం వాడుకున్నారని కూడా తెలిసింది. ఎవరి మీద అని నేను అడగలేదు. దుర్గాప్రసాద్ మీదే అనుకున్నాను. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు. మూడు రోజులు ఊళ్ళో తలెత్తుకుని తిరిగాను. దుర్గాప్రసాద్ ఎదురుపడి నవ్వితే, పైకి నవ్వుతున్నాడు గానీ లోపల వణుకుతున్నాడులే అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున్న అమ్మ ఫ్యాక్టరీ ఆటో కోసం పెంటయ్య టీ కొట్టు దగ్గర నిలబడి ఉంటే ఒక కానిస్టేబులు వచ్చి కాయితం ఇచ్చి వేలిముద్ర వేయించుకుపోయాడు. అమ్మ ఫ్యాక్టరీకి వెళ్ళకుండా ఇంటికి తిరిగొచ్చింది. నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్నాను.

"ఒలే, ఈ కాయితం ఏటో సూడు. సదివి సెప్పు," అంది.

చదివాను. ముద్దాయి బొడ్డమ్మ, జీడి కార్మికురాలు. సంబరం ఆఖరి రోజున అసభ్యకరమైన పాటలు పాడినది. కొత్త చట్టం సెక్షను రెండు వందల తొంభై ఆరు. మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి కుట్టిన రెండో కాయితం నా ఫార్మాట్. ఖాళీలో అమ్మ పేరు నీలం సిరాతో రాసి ఉంది. కింద నా సంతకం.

"ఏటి రాసినారు?" అంది అమ్మ.

"నువ్వు సంబరంలో పాడిన పాట మీద కేసు రాసినారమ్మా."

"కేసా? అమ్మోరి పాట మీదా?" అమ్మకి నవ్వొచ్చింది. "ఎవుడు రాసినాడు?"

నేను కాయితం మడిచాను. "స్టేషనోళ్ళే," అన్నాను.

అమ్మ నా ముఖం వైపు కాసేపు చూసి, "సరేలే. ఇస్త్రీపెట్టి తియ్యి, సొక్కా మాడిపోద్ది," అంది.

నేను స్టేషనుకి పరిగెత్తాను. ఈశ్వరరావు గారి మీద పడి అరిచాను, దుర్గాప్రసాద్ మీద పెట్టమన్న కేసు మా అమ్మ మీద ఎలా పెట్టారని. ఆయన నిజంగానే నోరు తెరిచారు.

"మీ అమ్మా? నాకేం తెలుసమ్మా, కొత్తగా వచ్చినోణ్ణి. సంబరంలో బూతు పాటలు ఎవరు పాడారంటే ఊళ్ళో పేరు చెప్పారు, రాశాం."

"ఎవరు చెప్పారు?"

ఆయన బల్ల మీద కాయితాలు సర్దుకున్నారు. చెప్పక్కర్లేదు. ఆ ఏడు పాటలో అమ్మ దుర్గాప్రసాద్ మీసాల రంగు మీద రెండు చరణాలు కట్టింది. ఊరంతా వారం రోజులు నవ్వింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకం వాడు. పై నుంచి కేసు కావాలన్నారు, కింద నుంచి పేరు అందింది, మధ్యలో నా సంతకం సిద్ధంగా ఉంది.

"తీసేయండి," అన్నాను.

"ఎఫ్ఐఆర్ ఆన్‌లైన్‌లో ఎక్కిపోయిందమ్మా. ఎక్కింది దిగదు. ఇది చాలా చిన్న కేసు, వెళ్ళి ఒప్పేసుకోమను. ఫైను కట్టి గంటలో ఇంటికి రావచ్చు. నువ్వు మాత్రం ఖాళీ కాయితం మీద సంతకం పెట్టానని ఎక్కడా అనకు. అంటే ముందు పోయేది నీ ఉద్యోగం, తర్వాత నాది." ఆ చివరి మాట అనేటప్పుడు ఆయన గొంతు తగ్గింది. ఆయనకీ ఇద్దరు పిల్లలు.

ఒప్పేసుకోమని అమ్మకి నేనే చెప్పాను. చెప్పడానికి నాకు నోరెలా వచ్చిందో తెలీదు. అన్నం తింటున్నదల్లా చెయ్యి ఆపింది.

"అమ్మోరి పాట బూతని నా నోటితో నానే అనాలా? జైల్లో ఎడతారా, ఎట్టీమను. మూడు నెల్లే కదా. ఆ మాట మాత్తరం అన్ను," అంది.

అమ్మ అంత గట్టిగా మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. కోర్టులో మొదటి వాయిదాకి నేరం ఒప్పుకుంటావా అంటే లేదంది. ఉచితంగా వాదించడానికి శ్యాంసుందర్ అనే లాయరుని ఇచ్చారు. కుర్రవాడు, మంచివాడు. వాళ్ళ ఆఫీసులో అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి, "పెద్దమ్మా, ఆ పాటేంటో నాకు చెప్పు. బూతు కాదని నేను వాదిస్తాను," అన్నాడు.

"సెప్పకూడదు బావూ."

"చెప్పకపోతే ఎలాగమ్మా?"

"అమ్మోరి ముందర పాడితే పాట. మీ ముందర పాడితే బూతే."

శ్యాంసుందర్ తల పట్టుకుని నవ్వాడు. "తల్లీ, ఈ మాట మాత్రం కోర్టులో అనకు. నీ కేసు నువ్వే ఓడిపోతావు."

అతను చట్టం నాకు విప్పి చెప్పాడు. ఉట్టి బూతు పాట పాడినంత మాత్రాన నేరం కాదట. దానివల్ల ఎవరికైనా చిరాకు కలగాలట. ఎవరికీ కలగలేదని తేలితే కేసు నిలవదు. ముగ్గురు సాక్షులు. పెంటయ్య, ఇంకొక రైతు, ఫిర్యాది అయిన నేను. 'మిగతా ఇద్దరినీ వదిలెయ్యండి, వాళ్ళు మనవాళ్ళే. మీరు వచ్చి, ఫిర్యాదు నాదే గానీ నాకు చిరాకేమీ కలగలేదు, డ్యూటీగా ఇచ్చాను అంటే చాలు,' అన్నాడు. 'అలా అంటే మీ మీద పైకి ఒక రిపోర్టు వెళ్తుంది. వెళ్తే ఏమవుతుందో నేను చెప్పలేను.'

అలాగే అంటానన్నాను. దేవుడి తోడు, అలాగే అందామనుకున్నాను. పది నెలలు ఆ ఒక్క వాక్యం అనుకుంటూ పడుకున్నాను, అనుకుంటూ లేచాను.

సాక్ష్యం రోజున పలాస కోర్టు వరండాలో బెంచీ మీద అమ్మా నేనూ పక్కపక్కన కూర్చున్నాం. నేను యూనిఫాంలో వచ్చాను, అలాగే రావాలన్నారు. అమ్మ ఫ్యాక్టరీకి కట్టుకునే చీరే ఉతికి కట్టుకుంది. నా కాలర్ సరిచేస్తూ, మామూలుగా, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నువ్వేటి సెప్పాలనుకుంటే అదే సెప్పు. ఉజ్జోగం మాత్తరం పోగొట్టుకోకు."

"నేనేటి సెప్తానమ్మా? నాకేటి సంబంధం?"

"ఆ కాయితం మీద సంతకం నీదే కదా."

"నీకెవరు సెప్పినారు? లాయరా?"

"ఎవులూ సెప్పలేదు. సదవడం రాదు గానీ నీ సంతకం నాకు తెల్దేటే. ఇంటి గోడలన్నీ బొగ్గుతో దిద్దినావు కదా ఆ వొంకర."

"మరి తెలిసుండి నా సేత ఎందుకు సదివించినావు?"

అమ్మ నా కాలర్ వదిలేసింది. "నువ్వు సెప్తావేమోనని," అంది.

అమ్మ పాదాల మీద పడాల్సిన చోటు అది. పడలేదు. యూనిఫాంలో ఉన్నానని, వరండా నిండా జనం ఉన్నారని ఊరుకున్నాను. చూశారా, అప్పుడు కూడా నాకు జనమే.

ముందు పెంటయ్యని పిలిచారు. చిరాకు కలిగిందా అని అడిగితే అతను తెల్లబోయాడు. "సిరాకేటండి? ఆయమ్మ నోట్లో మన పేరు పడకపోతే ఆ యేడు మనం ఊళ్ళో మనిసిగా లెక్క లేనట్టేనండి. నిరుడు నన్ను అన్నేదని మా ఇంటిది రెండ్రోజులు బాధపడింది." కోర్టంతా నవ్వింది. మేజిస్ట్రేటు గారు కూడా నోటికి పెన్ను అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఇంచుమించు నా వయసు మనిషి. రెండో సాక్షి కూడా అలాగే చెప్పి దిగిపోయాడు. శ్యాంసుందర్ నా వైపు చూసి తల ఊపాడు. ఇంక నేనొక్కదాన్నే.

బోనెక్కాను. ఫిర్యాదు నీదేనా అన్నారు ప్రభుత్వ లాయరు గారు. నాదే అన్నాను. సంతకం నీదేనా? నాదే. ఇందులో ముద్దాయి పేరు రాసే ఉండగా సంతకం పెట్టావా? వెనక గోడ దగ్గర ఈశ్వరరావు గారు టోపీ రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రాసే ఉందండి," అన్నాను.

అది మొదటి అబద్ధం. దాని తర్వాత రావాల్సింది ఒక్క నిజం కాని నిజం. చిరాకు కలగలేదు అని. గొంతు దాకా వచ్చింది. ప్రభుత్వ లాయరు గారు ఏదో పెద్ద ప్రశ్న మొదలుపెడుతుంటే మేజిస్ట్రేటు గారు ఆపి నాతోనే సూటిగా అన్నారు.

"చూడమ్మా. ఇద్దరు సాక్షులూ చిరాకేమీ లేదన్నారు. మీరు బాధ్యత గల ఉద్యోగంలో ఉన్నారు. ఆమె పాట వల్ల మీకు చిరాకు కలిగిందా, లేదా? అంతే చెప్పండి."

ఆమె మర్యాదగా అడిగారు. నా కళ్ళలోకి చూసి అడిగారు. నాలాంటి చదువుకున్న ఆడమనిషి, ఇస్త్రీ చీర, మెడలో సన్న గొలుసు. ఆ పాట పాడే మనిషి కూతుర్ని నేనని ఆమెకి తెలియదు. తెలియకూడదని అనిపించింది. ఆ ఒక్క క్షణంలో నాకు ఉద్యోగం గుర్తు రాలేదు. భయం వల్ల అన్నానని చెప్పుకుంటే సుఖంగా ఉండేది. భయం కాదు. ఏడో తరగతి నుంచి నాలో పేరుకున్నదంతా ఒక్కసారి పైకి వచ్చేసింది.

"కలిగిందండి," అన్నాను.

శ్యాంసుందర్ చేతిలో ఫైలు బల్ల మీద పెట్టేశాడు. నేను బోను కర్రనే చూస్తున్నాను. అప్పుడు అమ్మ గొంతు వినపడింది. కోర్టులో అడగకుండా మాట్లాడకూడదని ఆమెకి తెలీదు.

"తల్లీ, ఆ పాప సెప్పింది నిజమేనండి. దానికి సిన్నప్పట్నించీ నా పాటంటే సిరాకే. అబద్ధమాడే గుంట కాదు. నాను పాడింది బూతే. ఒప్పుకుంటన్నాను."

మేజిస్ట్రేటు గారు పెన్ను దించి, "ఈమె మీకు ఏమవుతుంది?" అని అడిగారు.

"నా కూతురండి," అంది అమ్మ. ఆ మాట ఎంత సంబరంగా అందో. పరీక్ష పాసైన పిల్లని చూపించినట్టు అంది.

మేజిస్ట్రేటు గారు నన్ను చాలాసేపు చూశారు. తర్వాత అమ్మతో, 'ఎవరైనా బలవంతం చేశారా? ఆలోచించుకోవడానికి టైమిస్తాను,' అన్నారు. శ్యాంసుందర్ కూడా అమ్మ దగ్గరికి పోయి బతిమాలాడు. అమ్మ వినలేదు. వెయ్యి రూపాయలు జరిమానా వేశారు. అమ్మ జాకెట్టులోంచి చిన్న సంచీ తీసి కట్టేసింది. ముందే సిద్ధంగా తెచ్చుకుంది. అంటే ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే ఆమె ఒక లెక్కకి వచ్చేసింది, నేను ఏం చెబుతానో నాకంటే ముందే ఆమెకి తెలుసు.

బయటికి వచ్చాక చెప్పులు విప్పి, తూర్పుకి, మా ఊరి అమ్మోరి వైపు తిరిగి రెండు చెంపలూ వేసుకుంది. ఏదో గొణుక్కుంది. అప్పుడు నేను ఏడ్చాను. రోడ్డు మీద, యూనిఫాంలో, అందరూ చూస్తుండగా ఏడ్చాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పొద్దున్నించి ఏటీ తిన్నేదు, పద. ఇడ్లీ తిందువు," అంది. నా మీద కోపం ఆమె కళ్ళలో ఎంత వెతికినా దొరకలేదు. కొట్టినా, నాలుగు కడిగేసినా బతికిపోయేదాన్ని.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఈశ్వరరావు గారు ఫోన్ చేసి, అమ్మకి నమస్కారాలు చెప్పమన్నారు. చెప్పలేదు.

ఈ ఏడు సంబరానికి పది రోజుల ముందు కమిటీ వాళ్ళు తాంబూలం పట్టుకుని ఇంటికి వచ్చారు. అమ్మ వాళ్ళని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తాంబూలం మాత్రం ముట్టుకోలేదు.

"కోర్టులో బూతని ఒప్పుకుని వేలిముద్ర ఏసినాను కదా బావూ. అదే నోటితో మల్లీ అమ్మోరి ముందరికి ఎలాగొత్తాను? ఆయమ్మ మొకం నాను సూడలేను," అంది.

వాళ్ళు చాలా చెప్పారు. ఆఖరికి లేస్తూ పెద్దాయన నా వైపు తిరిగాడు. "ఈ పాట మీ ఇంటి ఆడవోళ్ళదే కదమ్మా. అమ్మ తర్వాత నువ్వే. నీకు వచ్చునా?"

నాకు ఒక్క చరణం రాదు. బడిలో నా వెనక పాడిన ముక్క ఒక్కటి వచ్చు, అంతే.

వాళ్ళు వెళ్ళాక అమ్మ ముందు కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి అడిగాను. "నేర్పు అమ్మా. నాను పాడతాను. పసుపు రాసుకుంటాను, అందరి ముందర నిలబడతాను. ఉద్యోగం పోతే పోనీ."

నిజంగానే అడిగాను. ఈసారి ఒక్క అబద్ధం కూడా కలపలేదు. అమ్మకి అది తెలిసింది. నా తల మీద చెయ్యి వేసింది. ఆ వేళ్ళ గరుకు జుట్టులో తగిలింది.

"వద్దులే అమ్మా. నీకు సిరాకు కదా."

"లేదమ్మా. ఇంక లేదు."

"ఉంటాది. నీ తప్పేటి కాదు. పాడే నోటికి సిగ్గుంటే అది బూతే అవుద్దే. అమ్మోరికి తెలిసిపోద్ది, నవ్వదు." నన్ను ఊరుకోబెట్టడానికి అన్నట్టు, "ఆకరి రోజున నీకు బారువ ఎల్లాలనుంటే ఎల్లు. డబ్బులిస్తాను," అంది.

ఈసారి వెళ్ళలేదు. ఆఖరి రోజు మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుని అమ్మోరి ముందే నిలబడ్డాను. కుండల దగ్గర ముసలమ్మలు చాలాసేపు ఎదురుచూశారు, ఎవరైనా మొదలుపెడతారేమోనని. ఎవరూ మొదలుపెట్టలేదు. ఎండ నెత్తికెక్కింది. చివరికి పూజారి ఇంక ఆలస్యమైపోతోందని చెప్పి కుండలు లేపించాడు. నడిమిపుట్టుగ నుంచి అమ్మోరు నవ్వకుండా వెళ్ళిపోయింది. ఇంటికి పోయేసరికి అమ్మ తలుపు దగ్గరికి వేసుకుని లోపల కూర్చుని ఉంది. "పంపీసినారా?" అని అడిగింది. పంపేశారు అన్నాను. ఎలా వెళ్ళిందని అమ్మ అడగలేదు, నేను చెప్పలేదు.